పెద్ద యూనివర్సిటీ వదిలి చిన్న లిబరల్ ఆర్ట్స్ కాలేజీకి మారొచ్చా? నేను మారాను, జరిగింది ఇదీ

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది: అమెరికాలో ఒక పెద్ద స్టేట్ యూనివర్సిటీలో కంప్యూటర్ సైన్స్ రెండో ఏడాది చదువుతున్నారు. క్లాసుకి నాలుగు వందలమంది. ఏ ప్రొఫెసర్‌కీ మీ పేరు తెలియదు, చదువు మీద ఆసక్తి పోతోంది. చిన్న లిబరల్ ఆర్ట్స్ కాలేజీకి (సైన్సూ, చరిత్రా, సాహిత్యం అన్నీ కలిపి చదివించే డిగ్రీ కాలేజీ) ట్రాన్స్‌ఫర్ అవుతానంటే ఇంట్లో "బీఏ చదవడానికా అంత దూరం పంపింది?" అంటున్నారు.

నేను సరిగ్గా ఇదే పని చేశాను. 2016లో గుంటూరు నుంచి మిడ్‌వెస్ట్‌లోని ఒక పెద్ద యూనివర్సిటీకి వెళ్ళి, రెండేళ్ళు చదివి, 2018లో పదహారు వందలమంది ఉండే కాలేజీకి మారాను. మారినందుకు ఇప్పటికీ బాధ లేదు. అయినా ఎవరైనా అడిగితే "మారిపో" అని వెంటనే చెప్పను.

ముందు నా తప్పు చెప్పుకోవాలి. ఇంటర్‌లో మా సెక్షన్‌లో ఎనభై మందిమి. లెక్చరర్ చెప్పేవారు, మేం రాసుకునేవాళ్ళం, ఆదివారం పరీక్ష, మర్నాడు ర్యాంకు. లెక్చరర్‌తో కూర్చుని మాట్లాడటం అనేది మా లెక్కలోనే లేదు. ఆ అలవాటుతోనే అక్కడికెళ్ళాను. పెద్ద హాల్లో వెనక నుంచి మూడో వరస, అటెండెన్స్ కోసం చేతిలో క్లిక్కర్. డౌట్లు వస్తే డిస్కషన్ సెక్షన్‌కి వచ్చే టీఏ (ప్రొఫెసర్‌కి సాయంగా పాఠం చెప్పే పీజీ విద్యార్థి) ఉండేవాడు, ఎమ్మెస్ చేస్తున్న మన వరంగల్ అన్నయ్య. తెలుగులోనే చెప్పేవాడు కాబట్టి ఇంకెవరితోనూ పనిపడేది కాదు. ఆఫీస్ అవర్స్ (విద్యార్థులు ప్రొఫెసర్ గదికి వెళ్ళి మాట్లాడే వేళలు) అని ప్రతి సిలబస్‌లోనూ రాసి ఉండేది. అది ఫెయిలయ్యే వాళ్ళకి అనుకునేదాన్ని. రెండేళ్ళలో ఒక్క ప్రొఫెసర్ తలుపు కూడా తట్టలేదు.

తట్టింది ఒకే ఒక్కసారి, ట్రాన్స్‌ఫర్ అప్లికేషన్‌కి రికమెండేషన్ లెటర్ కావాల్సి వచ్చినప్పుడు. ఆయన కూర్చోమన్నాడు. పేరు అడిగాడు, స్పెల్లింగ్ అడిగాడు, మళ్ళీ అడిగాడు, చివరికి స్టూడెంట్ నంబర్ అడిగాడు. కంప్యూటర్‌లో చూసి, "మీకు బీ ప్లస్ వచ్చింది" అన్నాడు, నాకు తెలియని సంగతి చెబుతున్నట్టు. ఆ తర్వాత ఇద్దరికీ మాటల్లేవు. మంచివాడే. లెటర్ రాస్తానన్నాడు కానీ అందులో ఈ బీ ప్లస్ తప్ప ఇంకేముంటుందని నేనే వద్దన్నాను. చివరికి ఇరవై మంది ఉండే రైటింగ్ క్లాసు టీచరమ్మ రాసింది.

అందుకే మీకు నా మొదటి సలహా: ఈ సెమిస్టర్‌లోనే ఇద్దరు ప్రొఫెసర్ల ఆఫీస్ అవర్స్‌కి నాలుగైదు సార్లు వెళ్ళండి. ఎలాగూ లెటర్ కోసమైనా పనికొస్తుంది. వెళ్ళాక కూడా మారాలనిపిస్తే అప్పుడు మారండి. ఆ యూనివర్సిటీ మీద నాకున్న కోపంలో సగం నా మీద నాకున్న కోపమేనని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఇక ఇంట్లో వాళ్ళ సంగతి. మా నాన్న "ఆర్ట్స్ అంటే బొమ్మలు వేసే కాలేజా?" అని నిజంగానే అడిగారు. కాదు, లెక్కలూ చరిత్రా కలిపి చదివిస్తారు అంటే కొంచెం మెత్తబడ్డారు. ఆయన అసలు భయం ఉద్యోగం. ఓపీటీ (డిగ్రీ అయ్యాక అమెరికాలో కొన్నాళ్ళు పనిచేయడానికి ఇచ్చే అనుమతి) ఇచ్చేటప్పుడు డిగ్రీ బీఏనా, బీఎస్సా అని చూడరు. స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, లెక్కలు) చదివినవాళ్ళకి ఇచ్చే పొడిగింపుకి ఐ-20 (వీసా కోసం కాలేజీ ఇచ్చే పత్రం) మీద మేజర్‌కి, అంటే ప్రధాన సబ్జెక్టుకి, ఉండే సీఐపీ కోడ్ అనే నంబర్ చూస్తారు. కంప్యూటర్ సైన్స్ 11.0701 అయితే బీఏ అయినా సరే, 12 నెలల మీద ఇంకో 24 నెలలు వస్తుంది. ఎకనామిక్స్ తీసుకునే ఆలోచన ఉంటే మాత్రం జాగ్రత్త. 45.0603 అయితే స్టెమ్, మామూలు 45.0601 అయితే కాదు. ఏ కాలేజీ ఏ కోడ్ వాడుతుందో అప్లై చేయకముందే అడిగేయండి.

మా బాబాయికి ఇదీ చాల్లేదు. ఆయనకి ఇంటెల్ స్థాపించిన ఇద్దరిలో ఒకడైన రాబర్ట్ నాయిస్ కథ చెప్పాను. ఐయోవాలోని గ్రిన్నెల్ అనే చిన్న కాలేజీలో 1949లో డిగ్రీ అయినవాడు. ట్రాన్సిస్టర్ కొత్తగా వచ్చిన రోజుల్లోనే వాళ్ళ ఫిజిక్స్ ప్రొఫెసర్ గ్రాంట్ గేల్ బెల్ ల్యాబ్స్ నుంచి తెప్పించి చూపించాడు. ఇదే నాయిస్ ఒక పార్టీ కోసం పక్క ఫారం నుంచి పందిని ఎత్తుకొచ్చి పట్టుబడితే, కాలేజీ నుంచి పూర్తిగా వెళ్ళగొట్టకుండా గేల్ అడ్డుపడ్డాడు. ఒక సెమిస్టర్ సస్పెన్షన్‌తో బయటపడ్డాడు. మా బాబాయికి ట్రాన్సిస్టర్ కన్నా పంది బాగా నచ్చింది. పిల్లాణ్ణి ఎరిగిన మేస్టారు ఉంటే అది వేరు అని ఒప్పుకున్నాడు.

డబ్బు విషయం మెత్తగా చెప్పడం కుదరదు. ఇలాంటి కాలేజీల్లో చాలావాటిలో ఫీజు, గది, భోజనం కలిపి ఏడాదికి 80 వేల డాలర్లు దాటిపోయింది. ఎయిడ్ బాగా ఇస్తారన్న పేరు ఉన్నచోట్ల కూడా ఫస్టియర్‌లో చేరేవాళ్ళకి ఇచ్చినంత ధారాళంగా ట్రాన్స్‌ఫర్ వాళ్ళకి, అందులోనూ విదేశీయులకి ఇవ్వరు. ఎయిడ్ అడిగితే సీటు అవకాశమే తగ్గే కాలేజీలు ఎక్కువ. నేను ఆరు చోట్ల అప్లై చేస్తే రెండు సీటిచ్చాయి, ఒకటే డబ్బిచ్చింది. ఎయిడ్ కోసం ఇంటి ఆదాయం, ఆస్తులు చూపించే సీఎస్ఎస్ ప్రొఫైల్ ఫారం నింపడానికి నాన్న ఫారం 16, తాతయ్య పేరు మీదున్న పొలం, అమ్మ బంగారం అన్నీ డాలర్లలోకి మార్చాల్సి వచ్చింది. మూడు రాత్రులు వాట్సాప్ కాల్. ఎకరా పది సెంట్లని ఏ గడిలో రాయాలో ఎవరికీ తెలియదు! లోన్ మీద చదువుతుంటే బ్యాంకుతో ముందే మాట్లాడండి. కొత్త ఐ-20, కొత్త ఫీజు వివరాలు అడుగుతారు.

క్రెడిట్లు ఇంకో తలనొప్పి. చాలా కాలేజీలు డిగ్రీలో సగం తమ దగ్గరే చదవాలంటాయి. అంటే రెండో ఏడాది చివర మారడమే ఆఖరి అవకాశం. నావి 60 క్రెడిట్లు వెళ్తే 47 ఒప్పుకున్నారు. అకౌంటింగ్, ఆన్‌లైన్‌లో చేసిన ఒక కోర్సు, ఇంజినీరింగ్ పరిచయం అనే కోర్సు ఎగిరిపోయాయి. ఫాల్‌లో చేరడానికి గడువులు ఎక్కువగా మార్చి, ఏప్రిల్‌లలో ఉంటాయి.

వీసా దగ్గర నేను చేసిన పొరపాటు మీరు చేయకండి. ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) వాళ్ళు మారేటప్పుడు పాత కాలేజీ మన సెవిస్ రికార్డును (విదేశీ విద్యార్థుల వివరాలు ఉండే ప్రభుత్వ రికార్డు) కొత్త కాలేజీకి ఏ రోజు వదలాలో ఒక తేదీ పెట్టించుకోవాలి. పని అయిపోతే చాలనే హడావుడిలో మే 15 పెట్టించేశాను. ఆ తేదీతో పాత క్యాంపస్‌లో పనిచేసే హక్కు కూడా పోతుందని ఆలోచించలేదు. వేసవి రెండు నెలలకి లైబ్రరీలో కుదుర్చుకున్న పని పోయింది. విమానం టికెట్ డబ్బులు దాంట్లోంచే వస్తాయనుకున్నాను. మీ డీఎస్ఓతో (కాలేజీలో విదేశీ విద్యార్థుల వీసా పనులు చూసే అధికారి) కూర్చుని క్యాలెండర్ ముందు పెట్టుకుని తేదీ ఎంచుకోండి.

ఇప్పుడు అసలు సంగతి, అక్కడ ఎలా ఉంటుంది. నాకు గుర్తుండిపోయింది వలస పాలన నాటి భారతదేశం మీద ఒక సెమినార్. కంప్యూటర్ సైన్స్ మేజర్ అయినా ఇలాంటివి తీసుకోవాల్సిందే. పదమూడు మందిమి, కోడిగుడ్డు ఆకారంలో ఒక బల్ల. రెండో వారం నీటిపారుదల మీద చదువుతుంటే ప్రొఫెసర్ నా వైపు తిరిగి, "మీది కృష్ణా డెల్టా కదా, మీ ఊళ్ళో ఈ కాలవల గురించి ఏమంటారు?" అంది. నాకు తెలిసిందల్లా కాటన్ దొర విగ్రహం. వెనక నుంచి మూడో వరస ఆ గదిలో లేదు. "కాలవలు ఉన్నాయి" అన్నాను. ఎవరూ నవ్వలేదు, అది ఇంకా ఘోరం.

ఆ రాత్రి తాతయ్యకి ఫోన్ చేశాను. ఆయన ఆనకట్ట కంటే ముందు డొక్కల కరువు గురించి మొదలుపెట్టాడు. 1832-33లో గుంటూరు సీమ ఎండిపోయి జనం గుంపులుగా చనిపోయిన కరువు అది. విజయవాడ దగ్గర కృష్ణకి ఆనకట్ట పూర్తయింది 1855లో. మధ్యలో ఇరవై రెండేళ్ళు ఏం జరిగిందన్నదే చివరికి నా టర్మ్ పేపర్ అయింది. మూడు డ్రాఫ్టులు రాయించింది ఆవిడ, ప్రతిదానికీ పెన్సిల్‌తో అంచుల నిండా ప్రశ్నలు. మా జిల్లా సంగతి నేను మంచు కురిసే ఊళ్ళో నేర్చుకున్నానని ఇంట్లో ఇప్పటికీ వెక్కిరిస్తారు.

ఇదే అలవాటు కంప్యూటర్ క్లాసుల్లోనూ పనికొచ్చింది. అక్కడ కోడ్ రాస్తే చాలదు, బోర్డు దగ్గర నిలబడి ఎందుకలా రాశావో చెప్పాలి. ఇంటర్న్‌షిప్ కూడా కెరీర్ ఫెయిర్‌లో రాలేదు. మా ప్రొఫెసర్ తన పాత విద్యార్థినికి రాసిన నాలుగు లైన్ల మెయిల్‌తో వచ్చింది. పాత యూనివర్సిటీలో కెరీర్ ఫెయిర్ అంటే స్టేడియం నిండా కంపెనీలు. ఇక్కడ ఒక హాల్లో పాతిక బల్లలు, అందులో సగం స్వచ్ఛంద సంస్థలు. పెద్ద కంపెనీల క్యాంపస్ రిక్రూట్‌మెంటే మీ లక్ష్యమైతే ఉన్నచోటే ఉండండి.

కోర్సుల సంఖ్య కూడా తక్కువ. నాకు కావాల్సిన ఆపరేటింగ్ సిస్టమ్స్ ఏడాది విడిచి ఏడాది పెట్టేవాళ్ళు. నేను చేరిన ఏడాది పెట్టలేదు, మరుసటి ఏడాది దాని టైమూ ఇంకో తప్పనిసరి కోర్సు టైమూ ఒకటే అయింది. మెషిన్ లెర్నింగ్‌లో నాలుగైదు రకాల కోర్సులు కావాలంటే చిన్నచోట దొరకవు.

ఇక ఒంటరితనం. ఇదెవరూ ముందు చెప్పరు. పాతచోట తెలుగు వాళ్ళే రెండు మూడు వందలమంది ఉండేవాళ్ళు. సంక్రాంతికి ముగ్గులు, శనివారం క్రికెట్, ఎవరి గదిలో బిర్యానీ అయితే అక్కడికి అందరం. కొత్తచోట ఇంకొక్క తెలుగు అమ్మాయి, అదీ డాలస్‌లో పుట్టి పెరిగింది. ఇండియన్ స్టోర్‌కి గంటంపావు డ్రైవ్, నాకు కారు లేదు. డైనింగ్ హాలు ఒక్కటే. ట్రేలో అన్నం మీద ఆవకాయ వేసుకుంటుంటే పక్క టేబుల్ వాళ్ళు వాసన ఏంటని అడిగేవాళ్ళు. తర్వాత్తర్వాత వాళ్ళే సీసా తెమ్మన్నారనుకోండి. మూడో ఏడాదిలో చేరేవాళ్ళకి అక్కడ అందరి జట్లూ ఫస్టియర్‌లోనే కుదిరిపోయి ఉంటాయి. మొదటి సెమిస్టర్‌లో ఎన్ని రాత్రులు పాత రూమ్మేట్‌కి ఫోన్ చేసి ఏడ్చానో లెక్కలేదు. పైగా అందరికీ అందరి సంగతీ తెలుస్తుంది. జ్వరమొచ్చి ఒకరోజు క్లాసు మానేస్తే, సాయంత్రం సూప్ లైన్‌లో ప్రొఫెసర్ "తగ్గిందా?" అని అడిగింది. ఆ రోజు బాగానే అనిపించింది. జ్వరం లేకుండా మానేసిన రోజున కూడా అలాగే అడిగింది.

మీరు మారాలనే అనుకుంటే కాలేజీల పేర్లు కామెంట్‌లో రాయండి, నాకు తెలిసింది చెబుతాను. మారినా మారకపోయినా, ఇప్పటిదాకా చదివిన ప్రతి కోర్సు సిలబస్ పీడీఎఫ్ మాత్రం ఈ రాత్రే దాచుకోండి. సెమిస్టర్ అయిన కొన్నాళ్ళకి కోర్సు పేజీ మూసేస్తారు. నేను డిస్క్రీట్ మ్యాథ్స్ సిలబస్ ఒక్కదాని కోసం మూడు వారాలు మెయిళ్ళు పెట్టాను. చివరికి అది దొరికింది ఆ వరంగల్ అన్నయ్య ల్యాప్‌టాప్‌లో.