ఎడారి ఊళ్లో వైన్ టేస్టింగ్ రూమ్, తాగే అలవాటు లేనివాళ్లు వెళ్లొచ్చా?

అరిజోనాలో పిల్లలు వైన్ టేస్టింగ్‌కి తీసుకెళ్తామంటున్నారు, మాకు అలవాటు లేదు, వెళ్లడం దండగేనా అని ఒకరు అడిగారు. తప్పకుండా వెళ్లండి. నాకూ పండక్కి కాస్త తాటికల్లు తప్ప వేరే అలవాటు లేదు.

మాది కవిటి వైపు, ఉద్దానం. కొబ్బరి, జీడి తోటల మధ్య పుట్టి పెరిగినవాణ్ణి. 2019 ఏప్రిల్లో టూసాన్‌లో మావాడి దగ్గరున్నప్పుడు, ఒక శనివారం కోడలు కారు తీసింది. తూర్పుకి గంటకు పైగా దారి. ఎటు చూసినా ముళ్లపొదలు, ఎండిన నేల. ‘‘ఇక్కడ ద్రాక్షేంటమ్మా?’’ అంటే, ‘‘చూద్దురుగాని రండి మావయ్యా’’ అంది. విల్‌కాక్స్ అనే చిన్న ఊరు. వైన్ కొద్దికొద్దిగా రుచి చూపించే టేస్టింగ్ రూమ్ అక్కడుంది, లోపలికి వెళ్లగానే ఐడీ అడిగారు. అక్కడ 21 ఏళ్లు నిండినవాళ్లకే పోస్తారు. నా నెరిసిన జుట్టు చూసి కూడా అడిగారు, అందుకని పాస్‌పోర్ట్ దగ్గర పెట్టుకోండి.

కౌంటర్ వెనకున్నామెది మా అమ్మాయి వయసు. గ్లాసులో రెండు గుక్కలే పోసింది. వెంటనే తాగొద్దు, గ్లాసు తిప్పి వాసన చూడమంది. మాల్వాసియా అనే ద్రాక్షతో చేసిన తెల్ల వైన్ అది. ముక్కు దగ్గర పెట్టుకోగానే మొగలిపువ్వు వాసన! మా గట్ల మీద మొగలి డొంకల్లోంచి వాన వెలిసిన సాయంత్రం వచ్చేదే. కోడలు ఆ మాట ఇంగ్లీషులో చెప్తే, ఆమె పువ్వు పేరు రెండుసార్లు పలికించుకుని కాగితం మీద రాసుకుంది. పక్కనే ఉమ్మేయడానికి చిన్న బకెట్ ఉంటుంది. మింగకపోయినా ఎవరూ ఏమీ అనుకోరు. కారు నడపాలి కాబట్టి కోడలు మంచినీళ్లతోనే సరిపెట్టుకుంది.

ఆ ఊరు నాలుగు వేల అడుగుల పైన ఉంది, మన అరకు కంటే ఎత్తు. పగటి ఎండకి కాయలో తీపి ఎక్కుతుంది, రాత్రి చలికి పులుపు పోకుండా నిలుస్తుంది. అరకు కాఫీకి 2019లో జీఐ, అంటే ఆ ప్రాంతపు సరుకని చెప్పే గుర్తింపు వచ్చినట్టే, విల్‌కాక్స్‌ని 2016లో అక్కడి ప్రభుత్వం ప్రత్యేక ద్రాక్ష ప్రాంతంగా గుర్తించింది. కానీ చిగురు వేశాక ఒక్క రాత్రి గడ్డకట్టే చలి పడితే ఆ ఏటి పంట పోయినట్టేనట. ఎడారిలో చలికి పంట పోవడమేంటో నాకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక మా తిత్లీ గురించి చెప్పాను. అప్పటికి ఆరు నెలలే అయింది, 2018 అక్టోబర్లో వచ్చిన తుపాను. ఎన్ని చెట్లు పోయాయని ఆ కౌంటర్ దగ్గరమ్మాయి అడిగింది. నూట పది అన్నాను. అమెరికాలో ఉన్నన్నాళ్లూ నన్ను ఆ లెక్క అడిగింది ఆ అమ్మాయి ఒక్కతే.

మన దగ్గర ‘వైన్స్’ అని బోర్డు పెడతారు, లోపల అమ్మేది విస్కీ, బ్రాందీ. ఏ పంటతో చేశారు, ఎక్కడ చేశారు అని అడిగేవాడూ లేడు, చెప్పేవాడూ లేడు. కిక్కెక్కితే చాలనుకుంటారు. ఇది నాకు చాలా బాధగా ఉంటుంది, ఎందుకంటే రుచి తెలిసినవాళ్లు మనకి లేకపోలేదు. తెల్లారగట్ల లొట్టి దింపితే కల్లు తియ్యగా ఉంటుంది, మధ్యాహ్నానికి పులిసిపోతుంది. వాళ్లు పీపాల్లో పులియబెట్టేది మనకి చెట్టు మీదే మొదలైపోతుంది. మా ఊళ్లో గీతపని చేసే ఆయన ఒక్క చుక్క నాలుక మీద వేసుకుని, ఇది చెరువు గట్టు చెట్టుది, ఇది మెట్ట మీదిది అని చెప్పేస్తాడు. ఆయన్ని ఇంతవరకూ ఎవరూ కూర్చోబెట్టి అడిగింది లేదు.

వచ్చే వేసవికి మావాడు, కోడలు వస్తామన్నారు. తెల్లారకముందే ఇద్దర్నీ ఆయన దగ్గరికి తీసుకెళ్తాను. గాజు గ్లాసులు కూడా పట్టుకెళ్తాను.