ఆసుపత్రికి చీటీ రాశాక పిల్లలు ఎక్కడికి చేరుతున్నారు?

ప్రశ్న: మాది రాజాం. జూనియర్ కళాశాలలో అధ్యాపకుణ్ని. మా విద్యార్థుల్లో కొందరు దిగులుతో, నిద్రలేమితో, పరీక్షల భయంతో బాధపడుతున్నారు. కౌన్సెలర్, ఆశా కార్యకర్త, ఆసుపత్రి, హెల్ప్‌లైన్ ఎవరికి వారు బాగానే పనిచేస్తున్నామంటున్నారు. వీరంతా కలిసి పనిచేస్తున్నారో లేదో తేల్చుకునేదెలా?
– ఒక అధ్యాపకుడు, విజయనగరం జిల్లా

జవాబు: సాధారణంగా నివేదికల్లో ఎన్ని శిబిరాలు పెట్టారు, ఎందరికి కౌన్సెలింగ్ ఇచ్చారు అన్న లెక్కలే ఉంటాయి గాని, ఒకచోట నుంచి పంపిన విద్యార్థి రెండో చోటికి చేరాడా, అక్కడ వైద్యుడు చెప్పిన సంగతి పంపినవారికి తిరిగి అందిందా అన్నది అరుదుగా కనిపిస్తుంది. మీరు చూడవలసింది ఈ అప్పగింతలనే.

అందుకు పెద్ద సర్వే అక్కరలేదు. కళాశాల నుంచి ఆసుపత్రికి రిఫర్ చేసిన పదిమంది విద్యార్థులను, వారి అంగీకారంతోను తల్లిదండ్రుల అనుమతితోను తీసుకుని, పంపిన తేదీ, వైద్యుణ్ని కలిసిన తేదీ, మందులు అయిపోతే మళ్లీ ఎక్కడ దొరికాయి, రెండోసారి వెళ్లకపోతే ఇంటికి వచ్చి పలకరించిందెవరు అన్నవి రాసి చూడండి. ఎక్కడ తెగిందో అక్కడే తెలుస్తుంది. చీటీ మీద ‘మానసిక వైద్యుణ్ని కలవండి’ అని ఒక్క ముక్క రాసి, ఏ ఆసుపత్రి, ఓపీ ఏ రోజు, ఎవరిని అడగాలి అన్నది రాయకపోతే, కూలి మానుకుని బిడ్డను తీసుకొచ్చిన తల్లి ఓపీ కిటికీ దగ్గర నుంచే వెనుదిరగవలసి వస్తుంది.

మీ ప్రాంతానికి ఇంకో చిక్కు ఉంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజనతో రాజాం శ్రీకాకుళం నుంచి విజయనగరం జిల్లాలోకి వచ్చింది. అంతకుముందు శ్రీకాకుళంలో చూపించుకున్న పిల్లల కాగితాలు అక్కడే ఉండిపోతే, కొత్త వైద్యుడి ముందు అంతా మొదటి నుంచి చెప్పుకోవాలి. ‘నీ బాధను ఎన్నిసార్లు మొదటి నుంచి చెప్పవలసి వచ్చింది?’ అని పిల్లలనే అడగండి. నా దృష్టిలో ఇంతకు మించిన కొలమానం లేదు.

వయసు విషయమూ గమనించండి. ప్రభుత్వ ఆరోగ్య పథకాల్లో పిల్లల కోసం ఉన్న రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 18 ఏళ్లతో, కౌమార వయసువారి కోసం 2014లో మొదలైన రాష్ట్రీయ కిశోర స్వాస్థ్య కార్యక్రమం 19 ఏళ్లతో ఆగిపోతాయి. ఇంటర్ ముగించి విశాఖకో హైదరాబాద్‌కో చదువుకు వెళ్లే పిల్లలు సరిగ్గా ఆ వయసులోనే చేజారిపోతారు కాబట్టి, వారు వెళ్లకముందే అక్కడి ఆసుపత్రికి వివరాలు అందాయా అన్నది చూడాలి.

అయితే సమన్వయం పేరిట పిల్లల సంగతులు స్టాఫ్‌రూమ్ మాటలు కాకూడదు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గోప్యతను రోగి హక్కుగా గుర్తించింది. చనిపోవాలనిపిస్తోందన్న విద్యార్థి విషయంలో మాత్రం ఏ పరిశీలన కోసమూ ఆగకండి. ఒంటరిగా వదలకుండా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి-మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

మీకు తేలిన విషయాలను పేర్లు తీసేసి జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం బృందానికి ఇవ్వండి. ప్రతి విద్యార్థికీ మొదటి నుంచి చివరిదాకా బాధ్యత వహించే ఒక్క మనిషిని నియమించమని ముందుగా అడగండి.