ఆ టర్కీ కోడి ఎవరండీ?

ప్రశ్న: మొన్న మినియాపొలిస్‌లో మా అమ్మాయి దగ్గర ఉన్నప్పుడు అక్కడి ఆర్ట్ మ్యూజియంకి తీసుకెళ్ళారు. కోడిగుడ్డు ఆకారంలో ఉన్న ఒక చిన్న ఫ్రెంచి బొమ్మ దగ్గర ఆగిపోయాను. ఒంటి మీద బట్టల్లేని ఒకావిడ పైనుంచి రాలే బంగారు నాణేలు పట్టుకుంటోంది, పక్కన టర్కీ కోడి, దానికి నెమలి ఈకలు! అల్లుడేమో "గ్రీకు దేవత అత్తయ్యా" అన్నాడు, పక్కన చీటీ మీద చూస్తే ఎవరో మద్మొజెల్ అని ఉంది. ఇంతకీ అది దేవతా, మనిషా? ఆ కోడి ఎందుకు?
- ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: మనిషేనమ్మా. మీ అల్లుడుగారికి సగం మార్కులు ఇవ్వొచ్చు, ఎందుకంటే వేషం మాత్రం గ్రీకు కథలోదే. ఆవిడ మద్మొజెల్ లాంజ్ (మద్మొజెల్ అంటే ఫ్రెంచివాళ్ళు నటీమణుల పేరు ముందు వాడే 'కుమారి' లాంటి మాట), పారిస్‌లో పేరు మోసిన రంగస్థల నటి. వేసినవాడు జిరోదె, అప్పటి ప్రసిద్ధ ఫ్రెంచి చిత్రకారుడు దావీద్ శిష్యుడు. 1799 నాటి బొమ్మ.

వేషం డానేది. మనవడి చేతిలో చస్తావని జోస్యం విన్న ఆర్గోస్ రాజు, కూతురు డానేని కంచు గదిలో బంధిస్తాడు (మన కంసుడు గుర్తొస్తున్నాడా?). గ్రీకు దేవతల రాజు జియస్ ఊరుకుంటాడా, బంగారు వానై లోపలికి దిగుతాడు. ఆ మనవడు పెర్సియస్ అలా పుట్టినవాడే. అయితే ఈ కథకి ఎప్పట్నుంచో ఇంకో అర్థం కూడా అంటగట్టారు: డబ్బు కురిస్తే లొంగిపోయే ఆడది అని. జిరోదెకి కావలసింది సరిగ్గా అదే.

గొడవ ఎక్కడ మొదలైందంటే, అంతకుముందు అతను ఆవిడ పోర్ట్రెయిట్ ఒకటి వేసి సలోన్‌లో పెట్టాడు. సలోన్ అంటే పారిస్‌లో జరిగే పెద్ద చిత్రప్రదర్శన, ఊరంతా చూసేది. ఆవిడకి అది నచ్చలేదు, నా అందం చెడగొట్టావు, తీసెయ్ అంది, ఒప్పుకున్న డబ్బు దగ్గర కూడా పేచీ వచ్చింది. ఇతనికి ఒళ్ళు మండి ఆ కాన్వాస్‌ని ముక్కలుగా కోసి ఆవిడకే పంపించేశాడు. అక్కడితో ఆగితే బాగుండేది, గబగబా ఈ డానే వేసి అదే సలోన్ ముగిసేలోపు జనం ముందు పెట్టాడు.

ఇక మీ కోడి. అది ఆవిడ మొగుడు సిమొన్స్, బాగా డబ్బున్నవాడు. నెమలి ఈకలు తగిలించినా కోడి కోడేగా! పైగా దానికి పెళ్ళి ఉంగరం కూడా ఉంది, మీరు గమనించారో లేదో. ఫ్రెంచిలో టర్కీ కోడికి వాడే మాటనే తేలిగ్గా మోసపోయే వెర్రిబాగులవాడికీ వాడతారు, అందుకని చూసినవాళ్ళకి ఎవరూ విప్పి చెప్పక్కర్లేకపోయింది. మంచం కింద ఒక వికారమైన ముఖం ఉంటుంది చూడండి, కంట్లో బంగారు నాణెం దిగబడి: అది ఆవిడ పాత ప్రియుళ్ళలో ఒకడని చెబుతారు. ఆవిడ చేతిలో అద్దం, అదీ పగిలిందే. నీ ముఖం నీకే కనబడదు అని దెప్పడం.

మామూలుగా ఫ్రాన్స్‌లో ఇలాంటి వేషాలు పొగడ్తకోసం వేయించుకునేవాళ్ళు. నాత్తియే లాంటి చిత్రకారులు రాజుగారింటి ఆడవాళ్ళని డయానా అనీ ఇంకో దేవత అనీ వేసి బాగానే సంపాదించారు. జిరోదె చేసిందల్లా ఆ పొగడ్త పనిముట్లనే తిరగేసి పట్టుకోవడం. పనితనం మాత్రం అద్భుతం, ఆ ఒంటి నునుపు, ఆ బంగారపు వెలుగు, రెండడుగుల ఎత్తున్న గుడ్డ మీద ఇంత పగని ఇంత ఓపిగ్గా వేసినవాణ్ణి నేనింకొకణ్ణి చూడలేదు.

కానీ నాకు ఆవిడ మీదే జాలి. 1793లో ఒక నాటకంలో వేసినందుకు విప్లవ ప్రభుత్వం జైల్లో పెడితే తట్టుకుని బయటపడిన మనిషి. ఆశపోతు ఆవిడ అని బొమ్మ చెబుతోంది, మరి డబ్బు దగ్గర పేచీ వస్తే ఇంత రచ్చ చేసిన ఆయన్నేమనాలి? 1969లో ఆ మ్యూజియం కొన్నది ఆయన డానేనే. ఆవిడ వైపు మాట చెప్పే బొమ్మ పక్కన లేదు.

ఈసారి వెళ్తే మంచం కింద చూడడం మర్చిపోకండి. టికెట్ కూడా లేదక్కడ.