18 వారాల సైజు గర్భసంచి: కీహోల్ చేయించాలా, పొట్ట కోసి తీయించాలా?

మీ అమ్మగారికి 48 ఏళ్లు, గడ్డల (ఫైబ్రాయిడ్ల) వల్ల గర్భసంచి 18 వారాల సైజుకి, అంటే 18 వారాల గర్భంతో ఉన్నప్పుడు ఉండేంత సైజుకి పెరిగింది, మదనపల్లె నుంచి బెంగళూరు తీసుకొచ్చారు, ఒక డాక్టరు కీహోల్ (చిన్న గాట్లలోంచి కెమెరా పెట్టి చేసే లాప్రోస్కోపీ) అంటే ఇంకొకరు పొట్ట కోసే తీయాలంటున్నారు, ఎవరి మాట వినాలి అని కదా మీరు అడిగింది. మూడేళ్ల క్రితం ఇదే ఊళ్లో, దాదాపు ఇదే సైజుతో నేను కీహోల్ చేయించుకున్నాను. అంతకు ముందు ఏడాది మా అక్కకి కోత ఆపరేషన్ అయితే, కేఆర్ పురంలో మా ఇంట్లోనే ఉండి కోలుకుంది. నేను డాక్టర్ని కాదు. రెండూ దగ్గర నుంచి చూసిన మనిషిగా చెబుతున్నాను.

అక్కది 22 వారాల సైజు, అంటే గర్భసంచి బొడ్డు దాటి పైకి వచ్చేసింది. పైగా ముందు రెండు సిజేరియన్లు. పేగులు, మూత్రసంచి అతుక్కుపోయి ఉంటాయేమోనని డాక్టరు నిలువు కోతే పెట్టారు. ఐదు రోజులు ఆసుపత్రిలో ఉంది. మొదటి పది రోజులు దగ్గు వస్తుందంటేనే భయపడేది, దిండు పొట్టకి అదిమి పట్టుకుని దగ్గేది. మంచం మీద నుంచి పక్కకి తిరిగి, చేతుల మీద బరువు వేసి లేవడం నర్సు నేర్పింది. తన పనులు తను హాయిగా చేసుకోవడానికి రెండు నెలలు పట్టింది.

నాకు నాలుగు చిన్న గాట్లు. మర్నాడు పొద్దున్నే నడిచాను, మూడో రోజు ఇంటికి వచ్చేశాను. పొట్ట కంటే కుడి భుజం ఎక్కువ నొప్పి పెట్టింది. ఏదో అయిందని రాత్రంతా టెన్షన్ పడ్డాను. లోపల చూడటానికి వీలుగా పొట్టలోకి కార్బన్ డయాక్సైడ్ నింపుతారు, అది డయాఫ్రంని (ఛాతీకి, పొట్టకి మధ్య ఉండే కండరాన్ని) ఇబ్బంది పెడితే నొప్పి భుజంలో తెలుస్తుందట. రెండు మూడు రోజుల్లో తగ్గిపోయింది. అమ్మగారికి ముందే చెప్పి ఉంచండి.

పదకొండో రోజు నేను చేసిన పొరపాటు చెప్పాలి. ఒంట్లో బాగానే ఉందని 20 లీటర్ల నీళ్ల క్యాన్ ఎత్తి స్టాండు మీద పెట్టాను. సాయంత్రానికి బ్లీడింగ్ మొదలైంది, రాత్రికి రాత్రి ఆసుపత్రికి పరిగెత్తాం. అదృష్టం కొద్దీ లోపలి కుట్లు ఊడలేదు. ఆ రోజు అర్థమైంది, బయట గాయం చిన్నదే గానీ లోపల జరిగేది అక్కకీ నాకూ ఒకటే అని. అవే రక్తనాళాలు కట్టేస్తారు, యోని పైభాగాన్ని అలాగే కుట్టేస్తారు. ఆ కుట్టు మానడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు కావాలి. అన్నాళ్లూ బరువులు వద్దు, భార్యాభర్తల కలయిక వద్దు. కీహోల్ అయితే వారంలో వంట చేసేస్తుందని ఇంట్లో ఎవరైనా అంటే గట్టిగా అడ్డు చెప్పండి.

ఇక నిర్ణయానికి అసలు కీలకం, అంత పెద్ద గర్భసంచిని చిన్న రంధ్రాల్లోంచి బయటికి ఎలా తీస్తారన్నది. నేను మొదట చూపించుకున్న చోట ఈ మాటే ఎత్తలేదు, మచ్చ కనపడదని మాత్రం పదే పదే చెప్పారు. రెండో డాక్టరు బొమ్మ గీసి చూపించారు. మొత్తం ఒకేసారి రాదు, ముక్కలు చేసి యోని దారిలోంచో, కొంచెం పెద్ద గాటు పెట్టో తీయాలి. గడ్డ అనుకున్నదాంట్లో అరుదుగా క్యాన్సర్ దాగి ఉంటే, ఆ ముక్కలతో అది పొట్టంతా పరుచుకునే ప్రమాదం ఉంది. అందుకే 2014లో అమెరికాలో మందులు, వైద్య పరికరాల్ని నియంత్రించే ఎఫ్‌డీఏ, ముక్కలు చేసే యంత్రాల వాడకం మీద హెచ్చరిక ఇచ్చింది. నాకు పొట్ట లోపలే సంచిలో వేసి ముక్కలు చేశారు. ముందుగా గర్భసంచి లోపొర బయాప్సీ, పాప్ స్మియర్ (గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్ కోసం చేసే పరీక్ష) కూడా చేయించారు. బయాప్సీలో ప్రతి క్యాన్సరూ దొరకదని కూడా ఆవిడే చెప్పారు. ఈ సంగతులేవీ మాట్లాడకుండా కీహోల్‌కి డేటు ఇస్తే ఒప్పుకోకండి.

డాక్టర్ని సూటిగా అడగండి: ఈ సైజువి మీరు కీహోల్‌లో ఎన్ని చేశారు? మధ్యలో రక్తం ఎక్కువ పోతే కోతకి మారుస్తారా? మారుస్తామంటే మంచి డాక్టరే, అది ఓటమి కాదు. మూత్రనాళానికి (కిడ్నీ నుంచి మూత్రసంచికి వెళ్లే గొట్టానికి) దెబ్బ తగిలే ప్రమాదం కీహోల్‌లో కాస్త ఎక్కువ, కోతలో పుండు చీము పట్టే ప్రమాదం ఎక్కువ. పెద్ద గర్భసంచులు తరచూ చేసే చెయ్యి దొరికితే నేను కీహోల్‌కే ఓటేస్తాను. దొరక్కపోతే కోతే మేలు, మచ్చ గురించి బెంగ పెట్టుకోకండి.

తొందర పడకండి. నాకు హిమోగ్లోబిన్ 7.8 ఉంటే ఐరన్ ఇంజెక్షన్లు ఇచ్చి ఆరు వారాలు ఆపారు. గడ్డలు కాస్త కుదించే ఇంజెక్షన్లు కూడా ఉన్నాయి. ఆపరేషన్ అవసరమా అన్నది కూడా అడగండి. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్ల శాతం దేశంలోకెల్లా ఆంధ్రప్రదేశ్‌లోనే ఎక్కువ. మన వైపు గర్భసంచి తీసేయండి అన్న మాట ఎంత తేలిగ్గా అనేస్తారో మీకు తెలుసు. నెలసరి ఆగిపోయాక గడ్డలు సాధారణంగా కుంచించుకుపోతాయి, బ్లీడింగ్, నొప్పి పెద్దగా లేకపోతే ఆగడం కూడా ఒక దారే. అండాశయాలు బాగుంటే ఉంచుతారా, తీసేస్తారా అన్నది సంతకం పెట్టకముందే తేల్చుకోండి.

ఇంటికి తెచ్చేటప్పుడు కారులో సీటు బెల్టుకి, పొట్టకి మధ్య మెత్తటి దిండు పెట్టండి. మన రోడ్ల మీద హంప్ వచ్చినప్పుడల్లా ప్రాణం పోతుంది.

అమ్మగారికి ఇంతకు ముందు సిజేరియన్లు, వేరే పొట్ట ఆపరేషన్లు ఏమైనా అయ్యాయా? రాయండి. అక్క విషయంలో దారి తేల్చింది అదే.