తాతయ్య సెట్టుకు అప్పుడే ప్లగ్గు పెట్టకు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

తాతయ్య ఆంప్లిఫయర్, టర్న్‌టేబుల్, స్పీకర్లు అటక మీంచి దించావని అమ్మ ఫోన్లో చెప్పింది. చాలా సంతోషంగా ఉంది. కానీ ఈ ఉత్తరం చదవడం పూర్తయ్యేదాకా ప్లగ్గు మాత్రం పెట్టకు.

ఇరవై ఏళ్లుగా కరెంటు ఎరగని సెట్టు అది. లోపల కరెంటును నిల్వ ఉంచే ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లలో ఉండే రసాయనం ఏళ్ల తరబడి ఎండిపోతుంది. వాడకం లేక వాటిలోని సన్నటి ఆక్సైడు పొర బలహీనపడుతుంది. ఒక్కసారిగా పూర్తి వోల్టేజీ తగిలితే కెపాసిటర్ పగలొచ్చు, దానితో ట్రాన్స్‌ఫార్మర్ కూడా పోవచ్చు. కెపాసిటర్ కొత్తది దొరుకుతుంది. అంత పాత సెట్టుకు సరిపోయే ట్రాన్స్‌ఫార్మర్ దొరకడం చాలా కష్టం. పాట వినాలనే తొందరలో నేను ఒకటి అలాగే కాల్చేశాను. ఆ వాసన ఇప్పటికీ గుర్తుంది.

అందుకే మొదటిసారి సిరీస్ బల్బు పెట్టి, అంటే సెట్టుకు వెళ్లే కరెంటు ముందు ఒక బల్బు గుండా వెళ్లేలా కలిపి, ఆన్ చేయాలి. 60 వాట్ల పాత ఫిలమెంట్ బల్బే కావాలి, ఎల్ఈడీ పనికిరాదు. బల్బు ఒక్కసారి వెలిగి మసకబారితే మంచిది. అలాగే ధగధగా వెలుగుతుంటే లోపల ఎక్కడో షార్ట్ ఉన్నట్టు, వెంటనే తీసెయ్. ఈ పని తెలిసిన మెకానిక్‌ని పక్కన పెట్టుకునే చెయ్యి. ప్లగ్గు తీశాక కూడా కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉంటుంది. మూత విప్పి వేలు పెట్టొద్దు.

సెట్టు పలికాక గుయ్‌మని హమ్ వస్తే కంగారు పడకు. టర్న్‌టేబుల్ పెట్టినప్పుడే వస్తే, దాని సన్నటి ఎర్త్ వైరు ఆంప్లిఫయర్‌కి బిగించావో లేదో చూడు. ఏ ఇన్‌పుట్ పెట్టినా, వాల్యూమ్ తగ్గించినా ఆగకపోతే సెట్టుకు అందే కరెంటును ఒడిదుడుకులు లేకుండా చేసే ఫిల్టర్ కెపాసిటర్లను అనుమానించాలి. వాటిని మార్చేటప్పుడు కెపాసిటర్ మీద రాసిన మైక్రోఫారాడ్ విలువ పాతదానిదే ఉండాలి. వోల్టేజీ అంతే ఉండాలి, లేదా ఎక్కువ ఉండాలి. నాబ్ తిప్పితే గరగరమంటే అది మురికి. కాంటాక్ట్ క్లీనర్ కొంచెం కొట్టి నాబ్‌ను ఓ ఇరవైసార్లు అటూ ఇటూ తిప్పు.

ఇక నీడిల్. నా అనుభవంలో పాత సెట్టు బాగా పలకడం లేదంటే సగం సార్లు తప్పు ఇక్కడే ఉంటుంది. నీడిల్ రికార్డు మీద మోపే బరువు తగ్గిస్తే రికార్డు అరగదని చాలామంది అనుకుంటారు. అది తప్పు. బరువు చాలకపోతే నీడిల్ గాడిలో నిలవక ఎగిరెగిరి గోడలను గీస్తుంది. ఆ గీత ఇక పోదు. నీడిల్ బిగించి ఉండే చిన్న భాగాన్ని కార్ట్రిడ్జ్ అంటారు. ఎక్కువగా వాడే మూవింగ్ మాగ్నెట్ రకం కార్ట్రిడ్జ్‌లకు ఈ బరువు ఒకటిన్నర నుంచి రెండు గ్రాములు ఉంటుంది. అయినా కార్ట్రిడ్జ్ తయారీదారు ఇచ్చిన అంకెనే నమ్ము. చిన్న డిజిటల్ త్రాసు కొనుక్కో, చేతి అంచనా వద్దు. తాతయ్య వాడిన నీడిల్ ఎన్ని గంటలు తిరిగిందో ఎవరికీ తెలియదు కాబట్టి దాన్ని మంచి రికార్డు మీద పెట్టకు. ముందు కొత్తది వేయించు.

ఆయన పెట్టెలో 78 ఆర్‌పీఎం రికార్డులు కూడా ఉండాలి. వాటి గాడి వెడల్పు, ఎల్‌పీ నీడిల్ సరిపోదు. అవి లక్కతో చేసినవి, ఆల్కహాల్ తగిలితే పాడైపోతాయి. ఆల్కహాల్ కలిసిన క్లీనర్‌తో వాటిని తుడవకు.

టర్న్‌టేబుల్ బెల్టు జిగటగా కరిగి ఉంటే మార్చెయ్, అది చిన్న పని.

ఒక్కటి మాత్రం మామయ్య మాటగా పాటించు. రిపేరు మొదలుపెట్టాక అన్నీ ఒకేసారి మార్చకు. ఒకటి మార్చు, తెలిసిన పాట పెట్టి విను, తర్వాత ఇంకోటి. అన్నీ కలిపి మారిస్తే శబ్దం దేనివల్ల బాగుపడిందో, దేనివల్ల చెడిందో పట్టుకోలేవు. తీసిన పాత భాగాలు ఒక డబ్బాలో పెట్టి ఉంచు.

స్పీకర్ కోన్ (గరాటులా ఉండి కదిలే భాగం) చుట్టూ ఉండే ఫోమ్‌ను వేలితో మెల్లగా తాకి చూడు. పొడిపొడిగా రాలుతుంటే స్పీకర్ పారేయాల్సిన పని లేదు, ఆ ఫోమ్ ఒక్కటే కొత్తది అతికించవచ్చు. కోన్ కొలత టేపుతో తీసి, ఒక ఫోటోతో పాటు నాకు పంపు. సరిపోయే సైజు నేను చూసి చెప్తాను.

మామయ్య