బోల్టు మర పోగొట్టింది వాళ్లు, ఖర్చు నాదా?

ప్రశ్న: మాది నల్లగొండ. హైదరాబాద్‌లో ఒక గ్యారేజీలో కారు సర్వీసింగ్ చేయించాను. టాపెట్ కవర్ (ఇంజిన్ పైమూత) విప్పి ప్యాకింగ్ మార్చారు. వారం తిరక్కుండానే అక్కడ ఆయిల్ కారుతోంది. అడిగితే, ‘రెండు బోల్టులకు మర పోయింది, బండి పాతది, ఇంజిన్ హెడ్ మార్చాలి, ఖర్చు మీదే’ అంటున్నారు. జాబ్ కార్డు మీద ‘యజమాని రిస్కు’ అని ఉంది, చూడకుండా సంతకం పెట్టాను. కేసు వేయొచ్చా?

జవాబు: వేయొచ్చు. కానీ ముందు ఆ బోల్టులు భద్రం. హెడ్ అల్యూమినియం, బోల్టు ఉక్కు. ఇంత చిన్న బోల్టును టార్క్ రెంచితో కొలిచి బిగించకుండా ఎయిర్ గన్ పెడితే లోపలి మర లేచిపోతుంది. ఊడదీసిన బోల్టుకు తీగలా చుట్టుకున్న అల్యూమినియం తునక కనిపిస్తే తుడవకండి, అలాగే ఫొటో తీయండి. వేరే మెకానిక్‌తో హెలికాయిల్ (పోయిన మర చోట బిగించే తీగ చుట్ట) వేయించేస్తే లీకుతో పాటు మీ సాక్ష్యమూ పోతుంది. కాబట్టి మొదట అతనితో తనిఖీ చేయించి, చూసింది రాయించి, సంతకం తీసుకోండి. వినియోగదారుల కమిషన్‌లో అతని అఫిడవిట్ అవసరమవుతుంది.

‘యజమాని రిస్కు’ అన్న అచ్చు వాక్యానికి టెన్షన్ పడకండి. అప్పగించిన వస్తువును మామూలు మనిషి తన సొంత వస్తువును చూసుకున్నంత జాగ్రత్తగా చూడాలని 1872 కాంట్రాక్టు చట్టం 151వ సెక్షన్ చెబుతోంది. పనివాడి నిర్లక్ష్యాన్ని ఆ ఒక్క ముక్కతో దులుపుకోవడం కష్టం. మర ముందే అరిగి ఉందని వాదిస్తారు, చూస్తూ ఉండండి. అలాంటప్పుడు విప్పగానే మీకు ఫోన్ చేసి, జాబ్ కార్డులో ఎందుకు రాయలేదని అడగండి.

అయితే కొత్త హెడ్ ఇప్పించమని మీరూ పట్టుబట్టకండి. హెలికాయిల్‌తో సరిపోయేదానికి హెడ్ ఖర్చు అడిగితే మొత్తం ఫిర్యాదు మీదే అనుమానం వస్తుంది. రిపేరు ఖర్చు, కారిన ఆయిల్, కొత్త ప్యాకింగ్, కొంత పరిహారం అడగండి, చాలు.

స్పీడ్ పోస్టులో నోటీసు ఇచ్చి 15 రోజులు చూడండి. కదలకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద సేవా లోపమని ఫిర్యాదు చేయండి. హైదరాబాద్ తిరగక్కర్లేదు, మీరు ఉంటున్న నల్లగొండ జిల్లా కమిషన్‌లోనే వేయొచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షలు దాటకపోతే ఫీజు లేదు, లాయరూ తప్పనిసరి కాదు. గడువు రెండేళ్లు. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి చూసినా నష్టం లేదు, కొన్ని గ్యారేజీలు అక్కడే దారికొస్తాయి.

ఈలోగా బండి తిప్పకండి. ఆయిల్ కారుతోందని తెలిసీ నడిపితే, ఆపైన ఇంజిన్‌కు జరిగిన నష్టం గ్యారేజీ మీద వేయలేం.