కంటి మీద వేసేవి వేరు, కంట్లో పోసేవి వేరు: కంటి డాక్టరు జవాబులు

ప్రశ్న: మాది నర్సాపురం దగ్గర పల్లెటూరు డాక్టర్ గారూ. నాకు 43 ఏళ్లు. పెళ్లికి ముందు నుంచీ లేసు అల్లుతున్నాను. ఈ ఏడాది సాయంత్రమయ్యేసరికి దారం అలికినట్టు కనిపిస్తోంది, నుదురు పట్టేస్తోంది. సూది కాస్త దూరంగా పట్టుకుంటే నయంగా ఉంటోంది. అద్దాలు అలవాటైతే చూపు ఇంకా తగ్గిపోతుందని మా తోటికోడలు భయపెడుతోంది. రోజూ క్యారెట్ రసం తాగుతున్నాను. ఇంకేం చేయమంటారు?

జవాబు: సూది దూరంగా పెడితే నయమన్నారు చూడండమ్మా, ఆ ఒక్క మాటతో సగం సంగతి తెలిసిపోయింది. ఇది చత్వారం. ఆ పేరులోనే నలభై ఉంది, సంస్కృతంలో చత్వారింశత్ అంటే నలభై. కంట్లో ఉండే కటకం చిన్న వయసులో మెత్తగా ఉంటుంది, దగ్గరివి చూసినప్పుడల్లా ఉబ్బి చూపును సర్దుతుంది, నలభై దాటేసరికి గట్టిపడి ఆ పని సరిగ్గా చేయలేదు. జుట్టు నెరవడం ఎలాంటిదో ఇదీ అలాంటిదే, జబ్బు కాదు. క్యారెట్ మంచిదే, మానొద్దు, కానీ గట్టిపడిన కటకాన్ని మళ్లీ మెత్తబరచడం దానివల్ల కాదు. మీ తోటికోడలి మాట మాత్రం వదిలేయండి. అద్దాలు పెట్టుకున్నా పెట్టుకోకపోయినా 60 దగ్గరికి వచ్చేదాకా నంబరు కొద్దికొద్దిగా పెరుగుతూనే ఉంటుంది, పెట్టుకోకపోతే మిగిలేది తలనొప్పే.

పరీక్షకు వెళ్లేటప్పుడు మీ సూదీ దారం వెంట తీసుకెళ్లండి. ఇది చాలామంది చేయరు. పేపరు చదివే దూరానికి ఇచ్చిన అద్దం లేసుకు సరిపోకపోవచ్చు, మీరు చెయ్యి ఎక్కడ పెట్టి అల్లుతారో చూపిస్తే ఆ దూరానికే నంబరు ఇస్తారు. ఎలాగూ వెళ్తున్నారు కాబట్టి కంటి ఒత్తిడి కూడా చూడమనండి. నీటికాసులు (గ్లకోమా, చాలాసార్లు కంటిలోపలి ఒత్తిడి పెరిగి చూపు నరం దెబ్బతినడం) చాలామందిలో నొప్పి లేకుండానే వస్తాయి, 40 దాటాక చూపించుకోవడం అవసరం.

ఇక ఇంట్లో చేసుకునేవి. వయసు పెరిగేకొద్దీ కంటికి వెలుతురు ఎక్కువ కావాలి, కాబట్టి సన్నపని పగలే ముగించండి, లోపల గదిలో లైటు కింద కంటే అరుగు మీద కూర్చోవడం మేలు, ఎండ మొహాన కొట్టకుండా ఎడమ భుజం మీదుగా దారం మీద పడేలా. మా పెద్దమ్మ కూడా లేసు అల్లేది. తెల్లదారం పట్టిన రోజు ఒళ్లో ముదురు నీలం గుడ్డ ఒకటి పరుచుకునేది, చిన్నప్పుడు అది మరక పడకుండా అనుకునేవాణ్ణి, కంటి వైద్యం చదివాక గానీ అర్థం కాలేదు: తెల్లచీర మీద తెల్లదారం వెతుక్కోవడంలో కళ్లు అలిసిపోతాయి, నీలం మీద ప్రతి ముడీ విడిగా కనిపిస్తుంది. మీరూ అలా చేసి చూడండి. ప్రతి 20 నిమిషాలకూ 20 అడుగుల అవతలికి 20 సెకన్లు చూడమని మేం చెబుతుంటాం, పనిలో పడితే గడియారం ఎవరు చూస్తారు, అందుకని ఒక పువ్వు అల్లడం అవ్వగానే తలెత్తి వీధి చివర కొబ్బరిచెట్టు మొవ్వు వైపు కాసేపు చూడండి, చాలు.

ప్రశ్న: అమలాపురంలో ఇంటి నుంచే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. రాత్రికి కళ్లు ఇసుక పోసినట్టు మంట. రోజ్ వాటర్ చుక్కలు వేసుకుంటున్నాను. బ్లూ లైట్ అద్దాలు కొనమంటారా?

జవాబు: కొనొద్దు తమ్ముడూ. వైద్య పరిశోధనలను ఒకచోట చేర్చి బేరీజు వేసే కొక్రేన్ సంస్థ 2023 సమీక్షలో 17 ప్రయోగాలను పరిశీలించింది, మామూలు అద్దాలతో పోలిస్తే వాటివల్ల కళ్ల అలసట తగ్గుతున్నట్టు తేలలేదు. నీ బాధ రెప్పవేయకపోవడం. మామూలుగా నిమిషానికి 15 సార్లు దాకా వేసే రెప్ప స్క్రీన్ ముందు బాగా తగ్గిపోతుంది, సగమే మూస్తాం కూడా, దాంతో కన్నీటి పొర ఆరిపోతుంది. మొహానికి ఎదురుగా ఫ్యాన్ గానీ ఏసీ గానీ ఉంటే ముందు దాన్ని పక్కకు తిప్పు. స్క్రీన్ చెయ్యి చాచినంత దూరంలో, కంటికి కాస్త కిందకు ఉండాలి, అప్పుడు రెప్ప కొంచెం వాలి కన్ను తక్కువగా ఆరుతుంది. రాత్రి పడుకునే ముందు గోరువెచ్చటి నీళ్లలో ముంచి పిండిన శుభ్రమైన గుడ్డ మూసిన కళ్ల మీద 5 నుంచి 10 నిమిషాలు ఉంచుకో. రెప్పల అంచున సన్నటి నూనె గ్రంథులుంటాయి, ఆ వెచ్చదనానికి అవి తెరుచుకుంటాయి, ఆ నూనే కన్నీటిని ఆవిరి కాకుండా కాపాడుతుంది. కీరా ముక్కలు పెట్టుకున్నా తప్పులేదు, చల్లగా ఉంటుంది, అంతకు మించి ఆశించకు. రోజ్ వాటర్ మాత్రం ఆపేయి. అది మొహానికి రాసుకునేది, కంట్లో వేసేలా క్రిమిరహితంగా తయారుచేసింది కాదు. రెండు వారాల్లో తగ్గకపోతే డాక్టరుకు చూపించుకో, ఏ కన్నీటి చుక్కలు వాడాలో చెబుతారు.

ప్రశ్న: మా బాబుకు 9 ఏళ్లు, మైనస్ 1.5 అద్దాలు వచ్చాయి. పొన్నగంటి కూర పోయిన కంటిని కూడా తెస్తుందంటారు కదా, రోజూ పెడితే అద్దాలు తీసేయొచ్చా?

జవాబు: తీసేయకండమ్మా. పొన్నగంటి, మునగాకు, తోటకూర, బొప్పాయి, తల తీయకుండా వండే చిన్న చేపలు, ఇవన్నీ విటమిన్ ఎ అందించేవే, రేచీకటి రాకుండా కాపాడతాయి, ఆకుకూరను కాస్త నూనెతో వండితే ఒంటికి బాగా పడుతుంది. పెట్టండి. కానీ మీ బాబుకు వచ్చింది వేరు, హ్రస్వదృష్టి, అంటే దూరంగా ఉన్నవి మసగ్గా కనిపించడం. కనుగుడ్డు ముందు నుంచి వెనక్కి ఉండాల్సిన దానికంటే పొడవు పెరిగింది, పెరిగిన పొడవును ఏ కూరా తగ్గించదు. ఇంకా పెరగకుండా జాగ్రత్తపడటమే మన చేతిలో ఉంది. పగటి వెలుతురులో రోజుకు 2 గంటలు బయట గడిపే పిల్లల్లో హ్రస్వదృష్టి తక్కువగా వస్తుందని పరిశోధనల్లో తేలింది, కాబట్టి బడి నుంచి రాగానే ట్యూషన్‌కు కాకుండా కాలవగట్టు మీదకి ఆడుకోవడానికి పంపండి, తోడుగా ఒకరు ఉండేలా చూసుకోండి. పడుకుని ఫోన్ మొహానికి ఆనించి చూడనివ్వొద్దు. ఏడాదికోసారి కాదు, 6 నెలలకోసారి చూపించండి.

ప్రశ్న: దాళ్వా కోతల్లో మా నాన్నగారి కంట్లో వరి ఊక పడింది. నలిపేశారు. మా నానమ్మ ఆముదం చుక్క వేసింది, మర్నాటికి ఎర్రబడితే మెడికల్ షాపులో చుక్కలు తెచ్చి వేశాం. రెండు రోజులు బాగుందనిపించి ఇప్పుడు నల్లగుడ్డు మీద తెల్ల చుక్కలా కనిపిస్తోంది. తేనె వేయొచ్చా?

జవాబు: ఈ ఉత్తరం చదవగానే వాళ్లకు ఫోన్ చేసి ఆ పూటే పెద్ద కంటి ఆసుపత్రికి వెళ్లమన్నాను, పత్రికలో జవాబు వచ్చేదాకా ఆగే సంగతి కాదిది. మిగిలినవాళ్ల కోసం ఇక్కడ రాస్తున్నాను, ఎందుకంటే ప్రతి కోతలకూ ఇలాంటి కళ్లు చూస్తూనే ఉన్నాను, చాలావరకు ఆలస్యంగానే వస్తారు.

ఊక అంచు గరుకుగా ఉంటుంది. నలిపితే నల్లగుడ్డు మీద పొర గీసుకుపోతుంది, ఆ గీతలోంచి ఊకకు అంటుకున్న బూజు లోపలికి దిగుతుంది. అది పుండవుతుంది. మానినా మచ్చ మిగలొచ్చు, దాన్నే మనం పువ్వు వేసిందంటాం, అది కంటి మధ్యలో పడితే చూపు పోతుంది. షాపులో అడిగి తెచ్చుకునే చుక్కల్లో స్టెరాయిడ్ ఉండటం మామూలే. దాంతో ఎరుపు రెండు రోజులు తగ్గుతుంది, లోపల బూజు మాత్రం అడ్డు లేకుండా పెరుగుతుంది. మీరు బాగుందనుకున్న ఆ రెండు రోజులు అవే కావచ్చు. నానమ్మగారిని ఏమీ అనకండి, ఆవిడ ప్రేమకొద్దీ వేసిందే. కానీ ఆముదం, తేనె, ఉల్లిరసం, తల్లిపాలు, ఏవీ కంట్లో పోయకూడదు.

కంట్లో ఏదైనా పడగానే నలపకుండా శుభ్రమైన తాగునీళ్లు ధారగా పోసి కడగండి, కాలవ నీళ్లు వద్దు. గుచ్చుకున్నదాన్ని కొంగుతో తీయబోవద్దు. కడిగాక కూడా నొప్పి, ఎరుపు, వెలుతురు చూడలేకపోవడం ఉంటే ఆ రోజే కంటి డాక్టరు దగ్గరికి వెళ్లండి, వాడిన చుక్కల సీసా కూడా చేత్తో పట్టుకెళ్లండి. వచ్చే సార్వా కోతలకు ముందే, తూర్పార పట్టేవాళ్లకూ కోత మిషన్ వెనక నిలబడేవాళ్లకూ పక్కల నుంచి కూడా మూసి ఉండే ప్లాస్టిక్ కళ్లజోళ్లు తలా ఒకటి కొని ఉంచండి.